ఊపిరింట్లో రెండో మనిషి

"లోపల ఇంకెవరున్నారు?"

తలుపు తీసిన అమ్మాయిని అతను అడిగిన మొదటి మాట ఇదే. నమస్కారం లేదు, నేను ఫలానా అని చెప్పుకోవడం లేదు. సన్నగా తుంపర పడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను, చూపేమో ఆమె భుజం మీంచి ఇంట్లోకి.

"ముందు మీరెవరో చెప్పండి," అందామె గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"మీటర్లు చూసే ఇంజనీర్నండీ. కొత్తగా చేరాను. ఈ ఇంట్లో వాడే నీళ్ళు, కరెంటు, గాలి, అన్నిటి లెక్కా నా స్క్రీను మీదికే వస్తుంది. ఇక్కడ ఒక్కరే ఉండాలని రూలు. ఇద్దరున్నట్టు చూపిస్తోంది."

"ఏది చూపిస్తోంది?"

"గాలి."

"అయితే ఆ గాలికి చెప్పండి, నేనొక్కదాన్నే ఉన్నానని."

"మనిషి వదిలే ఊపిరిని బట్టి లెక్క కట్టే మీటరండీ అది. అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తున్నాననా?"

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది అతనికి. "అయ్యో, నేనలా అన్లేదు మేడమ్..."

"అన్నారు. పైగా సాక్ష్యానికి గాలిని తెచ్చారు. రండి, వెతుక్కోండి. మంచం కింద కూడా చూడండి. బూట్లు మాత్రం బయట విప్పండి."

వెతికాడు. వెతకడానికి ఉన్నదెంత? ముందో గది, వెనకో గది, వంటకి ఓ మూల. ఇల్లు సగం నేలలోకి దిగి ఉంది. మట్టి గోడలు మూరెడు మందం, కిటికీలు చిన్నవి, అందుకే పగటిపూట కూడా లోపల సందె చీకటి. వెనక గదిలో, నేలకి జానెడు ఎత్తున, గోడలో ఓ ఇనప జాలీ ఉంది. దాంట్లోంచి తడిమట్టి వాసనతో చల్లగాలి ఆగకుండా వస్తోంది. మంచం కింద ఓ పెట్టె, ఓ చెప్పుల జత. మనిషి జాడ లేదు.

ఇద్దరూ బయటికొచ్చి నిలబడ్డారు. ఆమె చేతులు కట్టుకుంది. "సంతోషమేనా? ఇప్పుడేమంటోంది మీ గాలి?"

అతను ఫోను చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"మనిద్దరం బయటున్నాం కదండీ?"

"ఆఁ, ఉన్నాం."

"లోపల ఒకరున్నారంటోంది."

తెరిచిన తలుపు వైపు ఇద్దరూ ఒకేసారి చూశారు. లోపల ఏదీ కదల్లేదు. ఆమె మాత్రం, తెలియకుండానే, అతని గొడుగు కిందికి జరిగింది.

*

ఏసీ హాల్లో కూర్చుని, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు తాగుతూ, సుస్థిర అభివృద్ధి మీద గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చే యూనివర్సిటీలు బోలెడున్నాయి. ఆ యూనివర్సిటీ కూడా ఆ విషయంలో ఎవరికీ తీసిపోయింది కాదు. కాకపోతే అక్కడ పెద్ద మేడమ్ అని ఒక ప్రొఫెసరు ఉండేది. ముక్కు మీద కోపం, చేతిలో గుడ్డ సంచి, నోట్లో ఒకటే మాట: "బోర్డు మీద రాస్తే పరీక్ష దాకే గుర్తుంటుంది. బతికి చూపించాలి."

అలా చూపించడానికే క్యాంపస్ చివర, చెట్ల అవతల, ఆవిడ ఈ ఇల్లు కట్టించింది. ఏ డిపార్టుమెంటు పిల్లలైనా సరే, పట్టా చేతికి రావాలంటే ఇక్కడో పూట కూర్చుని పాఠం వినాల్సిందే. ఏసీ లేదు. నేలలో పాతిన పొడవాటి గొట్టంలోంచి గాలి చల్లబడి లోపలికి వస్తుంది. అది ఊపిరి పీలుస్తుందని ఊపిరిల్లు అన్నారు. పిల్లలు గుహ అన్నారు. అందులో ఒంటరిగా ఉంటూ పరిశోధన చేస్తున్న అమ్మాయికి గుహలక్ష్మి అని పేరు పెట్టారు. పెట్టిన పుణ్యాత్ముడెవరో తెలీదు గానీ, ఆ పేరు క్యాంపస్ అంతా పాకిపోయింది.

రేపటివాళ్ళ వాటా ముట్టుకోకుండా ఒక మనిషి ఈ రోజు సుఖంగా బతకొచ్చా? అదీ ఆమె థీసిస్. నీళ్ళు ఇంత, కరెంటు ఇంత అని తన సరైన వాటాతోనే ఏళ్ళ తరబడి బతుకుతోంది. ఒక్కతే ఉంటేనే ఆ లెక్కకి విలువ. రెండో మనిషి ఉన్నాడంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇంటికీ గండమే. ఆ స్థలంలో కార్లకి షెడ్డు వేద్దామని యూనివర్సిటీని నడిపే కౌన్సిల్లో కొందరు కాచుకుని కూర్చున్నారు. త్వరలో ఇంటిని చూడ్డానికి వస్తున్నారు కూడా.

ఇదంతా తెలిశాక మన మీటరబ్బాయికి నిద్ర పట్టలేదు. రిపోర్టు పంపితే ఆ అమ్మాయి కొంప మునుగుతుంది. పంపకపోతే తన కొంప మునుగుతుంది. ఏదో ఒకటి తేలేదాకా పంపకూడదనుకున్నాడు. ఇందులో ఆమె కళ్ళ ప్రమేయం ఏమీ లేదని తనకి తానే చెప్పుకున్నాడు.

*

అతని ఆఫీసు అంటే ఓ చిన్న గుడిసె. చెట్ల తోపుకి ఇవతల ఖాళీగా పడి ఉన్న రేకుల గది. కొత్త గది కడితే ఇటుక వృథా, ఉన్నదాన్నే వాడాలని పెద్ద మేడమ్ ఆర్డరు వేసింది. నాలుగు వైపులా తెరిచి ఉన్న దానికి, కంప్యూటర్లు తడవకుండా షట్టర్లు బిగించారు. బల్ల కింద నేలలో ఓ జాలీ ఉంది. పాత కేబుళ్ళ కాలువ కాబోలనుకుని అతను దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు.

ఓ మధ్యాహ్నం ఎండ పోయి మబ్బు పట్టింది. షట్టరు సందులోంచి చూస్తే, పుస్తకాలు గుండెలకి అదుముకుని లైబ్రరీ వైపు వెళ్తోంది ఆమె. ఇంటికి తాళం. అతను స్క్రీను వైపు తిరిగాడు.

లోపల: ఒకరు.

వెంటనే ఫోను చేశాడు. "మేడమ్, మీరు లైబ్రరీకి వెళ్తున్నారా?"

"నా వెనక తిరగడం కూడా మీ డ్యూటీయేనా మీటరుగారూ?"

"నవ్వకండి. ఇంట్లో మనిషున్నాడు. ఇప్పుడు. తాళం వేసిన ఇంట్లో."

ఆమె గొంతు తగ్గించింది. "మీకో సంగతి చెప్పనా? నవ్వరు కదా?"

"నవ్వే ఓపిక లేదు నాకు."

"వెనక గది గోడ... నిట్టూరుస్తుంది. ఒక్కోసారి గొణుగుతుంది. నిన్న ఏదో పాట కూనిరాగం తీసింది. మధ్యలో ఆపేస్తే, ఏం తోచక మిగతాది నేను పాడాను."

నిన్న సాయంత్రం, ఈ గదిలో, నేల కిందనుంచి, ఎవరో ఆడమనిషి పాడటం అతను విన్నాడు. పాట గుర్తుపట్టేలోపే కుర్చీ వెనక్కి తన్నేసి బయటికి పరిగెత్తాడు. ఆ మాట చెప్తే మరీ పరువు తక్కువని మింగేశాడు.

"భయమేస్తే ఫోన్ చేయండి," అన్నాడు పెద్దమనిషిలా.

"మీకేస్తే?"

"నాకెందుకేస్తుంది?"

"మొన్న గుమ్మం ముందు నా గొడుగు కిందికి దూరారుగా."

"గొడుగు నాదండీ! దూరింది మీరు!"

"ఏదో ఒకటి," అని నవ్వేసింది. ఆ నవ్వు చెవిలో పెట్టుకుని అతను ఆ పూటంతా స్క్రీను వైపు చూడనే లేదు.

ఇలా రోజూ మాటలు పెరిగాయి. నీళ్ళు ఎక్కువ వాడారేంటని అతను దెప్పడం, తల రుద్దుకున్నాను, తల కూడా మీ మీటరుకి చూపించాలా అని ఆమె ఎదురు దెప్పడం. ఫోను పెట్టేశాక మాత్రం ఇద్దరికీ చెవులు గోడల వైపే ఉండేవి.

ఇంట్లో అక్కకి చెప్పుకున్నాడు. అక్క బడిలో లెక్కల టీచరు. మీటరు గ్రాఫు అంతా చూసి తమ్ముడి నెత్తి మీద ఒకటిచ్చింది.

"పొద్దున ఆఫీసు వేళకొచ్చి, సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి పోతోంది. ఆదివారం రాదు. ఇదేం దెయ్యంరా, ఉద్యోగస్తుడి దెయ్యంలా ఉంది!"

"జోకులొద్దక్కా."

"జోకు కాదురా. మొన్న నీకు జ్వరమొచ్చి పడుకుంటే, చూడు, ఆ రోజూ లేదు. నువ్వు లేందే రాదన్నమాట. నీ కోసమే వస్తోందేమో!"

అక్క నవ్వుతూనే అంది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. తన వెంట ఏదో నడుస్తోందని, తను వస్తేనే అది ఆ ఇంట్లోకి దూరుతోందని అనుకున్నాడు. అంత చదువూ చదివి అనుకోవలసిన మాటేనా? కానీ భయం పట్టినవాడికి చదువు గుర్తుండదు.

*

నిజం ఎన్నాళ్ళు దాగుతుంది? పెద్ద మేడమ్ స్వయంగా స్క్రీను తెరిచి చూసుకుంది. కౌన్సిల్ వచ్చేది మర్నాడే.

"మగమనిషి గొంతు వినిపిస్తోందని తోటమాలి కూడా అన్నాడు," అంది ఆవిడ, అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి. మీటరబ్బాయి పక్కనే ఉన్నాడు. "నిన్ను నా కూతుర్లా చూసుకున్నాను. ఎవర్నయినా ఇష్టపడితే చెప్పు, నేనే దగ్గరుండి చేయిస్తాను పెళ్ళి. ఈ ఇంట్లో మాత్రం దాచకు."

"ఎవరూ లేరు మేడమ్."

"మరి ఊపిరి ఎవరిది?"

ఆమె కళ్ళు తుడుచుకుని, మొదటి సంవత్సరం పిల్లలు పాఠానికి వస్తున్నారని చెప్పి వెళ్ళిపోయింది. రేపు పొమ్మంటారని తెలిసి కూడా ఈ రోజు పాఠం చెప్పడానికి వెళ్తున్న ఆ వీపు చూసి, అతని గుండె తరుక్కుపోయింది.

గుడిసెలోకి వచ్చి షట్టరు వేసుకుని కూలబడ్డాడు. వాన పట్టింది. రేకుల మీద చినుకుల మోత. గదిలో ఎవరూ లేరు కదా, ఇంకెవరికి సిగ్గుపడాలి? పైకే అనేశాడు.

"గుహలక్ష్మీ, నువ్వంటే నాకు ప్రాణం. నిన్ను ఒంటరిగా వదలను. ఎవరేమన్నా సరే, నేనున్నాను."

అన్నాక మనసు కొంచెం తేలికపడింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. షట్టరు ధడధడా కొట్టిన చప్పుడు. తీస్తే, తడిసి ముద్దయి, వగరుస్తూ ఆమె.

"గోడ... గోడ మాట్లాడింది!"

"గోడలకి చెవులుంటాయంటారు గానీ..."

"నోరు కూడా ఉంది! క్లాసు మధ్యలో మాట్లాడింది. పిల్లలంతా విన్నారు. సగం మంది చెప్పులు వదిలేసి పారిపోయారు. దెయ్యం గుహలక్ష్మిని ప్రేమించిందని ఇప్పటికి హాస్టళ్ళ దాకా పాకి ఉంటుంది. ఇంకేముంది, అయిపోయింది నా పని."

"ఏ... ఏమంది గోడ?"

ఆమె తల వంచుకుంది. "నువ్వంటే నాకు ప్రాణం అంది. నన్ను ఒంటరిగా వదలదట. ఎవరేమన్నా సరే..."

"నేనున్నాను," అన్నాడతను.

ఆమె చివ్వున తలెత్తింది.

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కాసేపటికి ఏదో తట్టి, బల్ల కిందికి దూరాడు. జాలీ మీద ఓ చిత్తుకాగితం ముక్క పెట్టాడు. కాగితం నేలకి అతుక్కుపోయింది. కిందనుంచి ఎవరో నోటితో లాక్కుంటున్నట్టు జాలీలోకి వంగింది.

"ఇది కేబుళ్ళ కాలువ కాదు," అన్నాడు మెల్లిగా. "మీ ఇంటి గాలి గొట్టం మూతి ఇదే. ఇల్లు ఊపిరి పీల్చేది ఈ గదిలోంచి. అప్పట్లో నాలుగు వైపులా తెరిచి ఉండేది. మనం షట్టర్లు బిగించాం. నేను వదిలిన గాలంతా, నేలలోంచి, మీ వెనక గదిలోకి..."

"లోపల ఉన్నది మీరు."

"నేనే."

"మరి ఆ రోజు, మనిద్దరం బయటుంటే?"

"పాత గాలి పోవడానికి టైము పడుతుంది కదండీ. దాన్నే మనిషనుకున్నాం."

"నిట్టూర్పులు?"

"నావే."

"ఆ పాట?"

"నాదే. మిగతాది మీరు పాడితే కుర్చీ తన్నేసి పారిపోయాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆగి, "మరి ఆదివారాలు?" అంది.

"ఆదివారం నేను రాను. గదికి తాళం. మీటర్లో మీరొక్కరే ఉంటారు."

"ఆదివారాలు కూడా ఎవరో నవ్వుతారు. మెల్లిగా."

ఇద్దరూ జాలీ వైపు చూశారు. కాగితం చిరిగి, చప్పుడు లేకుండా చీకట్లోకి జారిపోయింది. ఆ విషయం మళ్ళీ ఇద్దర్లో ఎవరూ ఎత్తలేదు.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది, అతని వైపు చూడకుండా. "ఇందాకటి ఆ మాట..."

"నిజమే."

"ముందు నా ఇల్లు నిలబెట్టండి. తర్వాత చూద్దాం," అని వానలోకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు కౌన్సిల్ పెద్దలంతా ఊపిరింట్లో కిక్కిరిసి కూర్చున్నారు. పెద్ద మేడమ్ విషయం చెప్పింది. అధ్యక్షుడు పెదవి విరిచాడు. నేల కింద గొట్టంలోంచి మాటలు రావడమేంటి, కథలు చెప్తున్నారా అన్నాడు. మోసం లేకుండా ఫోన్లన్నీ బయట పెట్టించాడు. అబ్బాయి గుడిసెలో ఉండాలి, మిగతా అందరూ ఇక్కడ.

మీటరబ్బాయి బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, జాలీకి నోరు దగ్గరగా పెట్టాడు. మబ్బు కమ్మి పట్టపగలే గది మసకబడింది. చెంపలకి తగులుతున్న గాలి చల్లగా కిందికి పోతోంది.

"వినపడుతోందాండీ?"

ఎంతో లోతులోంచి, బావిలో మనిషిలా, అధ్యక్షుడి గొంతు పైకి వచ్చింది. "ఎవరో గొణిగినట్టుంది. ఇది చాలదు. నిన్న క్లాసంతా విన్న మాటలున్నాయే, అవే చెప్పమనండి. అప్పుడు నమ్ముతాం."

నిన్న ఎవరూ వినరనుకుని అతను అనేశాడు. ఇవాళ యూనివర్సిటీ పెద్దలంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. ఉద్యోగం పోతుందేమో. నలుగురూ నవ్వుతారేమో. అన్నిటికంటే, ఆమె తలవంచుకోవలసి వస్తుందేమో. కానీ చెప్పకపోతే ఆ ఇల్లు ఉండదు, ఏ పిల్లాడూ అక్కడ కూర్చుని రేపటివాళ్ళ గురించి ఆలోచించడు, ఆమె మీద పడ్డ నింద చెరగదు.

కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాడు, నిన్నటికంటే గట్టిగా. "నిన్ను ఒంటరిగా వదలను. ఎవరేమన్నా సరే, నేనున్నాను. ఆ ఇంట్లో నువ్వు తప్ప ఎవరూ లేరని ప్రమాణం చేసి చెప్తాను. ఆ రెండో ఊపిరి నాది."

గాలి కూడా ఒక్క క్షణం ఆగినట్టయింది. నేలలో ఏదో పొడవుగా నిట్టూర్చింది.

తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. వాటన్నిటినీ అణిచేస్తూ పెద్ద మేడమ్ గొంతు. "విన్నారా? ఒకడు అక్కడ వదిలిన ఊపిరి, ఇంకొకరు ఇక్కడ పీలుస్తున్నారు. మనం చేసేది మన దగ్గరే ఆగదని ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. ఇవాళ మీ చెవులతో విన్నారు. షట్టర్లు వేయించిన తెలివి నాదే, ఆ తప్పు నాది. అబ్బాయి పనివేళల్లో అతని ఊపిరిని లెక్కలోంచి తీసేయండి, అమ్మాయి లెక్క పైసా తేడా లేకుండా సరిపోతుంది. ఇంకా ఏమన్నా అనుమానాలున్నాయా?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "లేవు. ఇల్లుంటుంది. షెడ్డు సంగతి ఇంకెక్కడైనా చూద్దాం."

అతను నేల మీదే చతికిలబడ్డాడు. చాలు, ఇల్లు నిలిచింది. ఇక ఆమె ఏమన్నా, అనకపోయినా అడిగే హక్కు తనకి లేదనుకున్నాడు. చప్పుళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. లేవబోతుంటే, జాలీ కిందనుంచి, దగ్గరగా, మెల్లిగా ఒక గొంతు.

"ఉన్నారా?"

"ఉన్నాను."

"ఇంకోసారి చెప్తారేమో, వద్దు. రెండుసార్లు విన్నాను, బాగానే వినపడింది. ఇప్పుడు చెప్పాల్సింది నేను. గోడకి చెప్పడం నాకు రాదు. ఇక్కడికి రండి."

లేచిన తొందరలో బల్ల తలకి ఠంగున తగిలింది. గొడుగు మర్చిపోయాడు. షట్టరు వేయడం మర్చిపోయాడు. చెట్ల మధ్య నీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. పెద్దలంతా చూరు కింద నిలబడి చోద్యం చూస్తున్నారు. పెద్ద మేడమ్ మాత్రం పని గట్టుకుని చెట్ల వైపు చూస్తోంది. ఆమె గుమ్మం దిగి, వానలోకి, అతనికి ఎదురొచ్చింది.

"ఇన్నాళ్ళూ భయపడింది మీకే, ధైర్యం కోసం ఫోన్ చేసిందీ మీకే," అంది, అందరికీ వినపడేలా. "థీసిస్ అయిపోగానే వచ్చి మా నాన్నతో మాట్లాడండి. ఆయన కాదంటే ఏం చెప్పాలో కూడా చెప్తాను. మీ ఊపిరి పీల్చే ఇన్నాళ్ళు బతికాను. ఇక వేరే గాలి నాకు పడదు."